అక్క సైకిల్ బేస్‌మెంట్‌లో ఎందుకుంది

పోయిన ఆదివారం బెంగళూరు ఏఈసీఎస్ లేఔట్‌లో మా అక్కవాళ్ళింట్లో మా బావకీ నాకూ జరిగిన వాదన ఇది. నేను శనివారాలు మా అపార్ట్‌మెంట్ ఆడవాళ్ళకి సైకిల్ నేర్పిస్తాను, నేను నేర్చుకున్నది కూడా ముప్పై ఎనిమిదో ఏటే. అక్క కూతురు హర్షిత పీయూసీ ఫస్టియర్, అంటే మన ఇంటర్. రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న ట్యూషన్‌కి సైకిల్ మీద వెళ్తానంది, బావ కుదరదన్నాడు. బావ ప్రతి ఆదివారం నంది హిల్స్ దాకా సైకిల్ తొక్కే మనిషి, ఇది గుర్తుపెట్టుకుని చదవండి. ఆయన అన్నవి అన్నట్టే రాశాను, నాకు గట్టిగా తగిలినవి కూడా.

బావ: లతా, సైకిల్ మంచిది కాదని నేనెప్పుడైనా అన్నానా? నేనే తొక్కుతా. కానీ నేను తెల్లారుజామున నాలుగున్నరకి బయల్దేరతా, అప్పుడు రోడ్డు మీద కుక్కలు తప్ప ఎవరుండరు. దీని ట్యూషన్ సాయంత్రం ఆరింటికి. ఆ టైమ్‌లో మెయిన్ రోడ్డు ఎలా ఉంటుందో నీకు నేను చెప్పాలా? వాటర్ ట్యాంకర్లు, కంపెనీ క్యాబులు, రాంగ్ సైడ్‌లో దూసుకొచ్చే డెలివరీ బైకులు. ముందు రోడ్డు బాగుపడనీ, అప్పుడు పంపిస్తా.

నేను: రోడ్డు దానంతటదే బాగుపడదు కదా బావా. ఆ రోడ్డు మీద సైకిళ్ళే లేకపోతే సైకిల్‌కి చోటివ్వాలని ఎవరికి తడుతుంది?

బావ: తట్టింది కూడా. 2020లో, కోవిడ్ టైమ్‌లో, ఔటర్ రింగ్ రోడ్డు మీద సిల్క్ బోర్డ్ నుంచి పదిహేడు కిలోమీటర్ల సైకిల్ లేన్ అన్నారు, గీతలు గీశారు, బండ్లు దూరకుండా బొల్లార్డులు, అంటే పొట్టి గుంజలు, పాతారు. నేను మొదట్లోనే వెళ్ళి తొక్కొచ్చా, ప్రాణం లేచొచ్చింది. తర్వాతేమైంది? బైకులు దూరాయి, ఆటోలు ఆపుకున్నారు, బొల్లార్డులు విరిగాయి. జయనగర్‌లో అంతకుముందెప్పుడో ట్రాక్ వేస్తే దాని మీద కార్లు పార్క్ చేసుకున్నారు. రోడ్డు కోసం అడగలేదని కాదు, అడిగితే వేశారు, వేస్తే నిలవలేదు. ఇంత చూశాక నా కూతుర్ని పంపమంటావా?

నేను: నిలవలేదు, నిజమే. ఎందుకు నిలవలేదో ఆలోచించారా? ఆ లేన్ ఎవరి కోసం వేశారు? ఓఆర్‌ఆర్ మీద పొద్దున టెక్ పార్కుకి వెళ్ళి సాయంత్రం తిరిగొచ్చే మనిషి కోసం, అంటే మీలాంటి వాళ్ళ కోసం. లేన్ పోయినప్పుడు మీరేం చేశారు, కారెక్కారు. ఇంకో దారి ఉంది కాబట్టి పోతే పోనీ అనుకున్నారు. అదే లేన్ మీ ఇంటి నుంచి స్కూలుకి, కూరగాయల మార్కెట్‌కి, మెట్రో స్టేషన్‌కి ఉండి, దాని మీద రోజూ పిల్లల్ని తీసుకెళ్ళే వందమంది అమ్మలుంటే వాళ్ళు ఊరుకునేవాళ్ళా? నెదర్లాండ్స్ అనగానే అక్కడ పుట్టుకతోనే సైకిల్ తొక్కుతారనుకుంటాం. 1950, 60ల్లో వాళ్ళు కూడా కార్ల కోసం రోడ్లు వెడల్పు చేసుకుంటూ పోయారు. 1971లో ఆ చిన్న దేశంలో రోడ్ల మీద మూడువేల మూడొందల మంది చచ్చిపోయారు, అందులో నాలుగొందల మందికి పైగా పిల్లలు. అప్పుడు పుట్టింది ఒక ఉద్యమం, దాని పేరే 'పిల్లల హత్య ఆపండి'. మార్టియే వాన్ పుటెన్ అని చిన్నపిల్లల తల్లి, ఆవిడ దానికి మొదటి అధ్యక్షురాలు. రోడ్లకి అడ్డంగా కూర్చున్నారు, వీధులు మూసేసి పిల్లల్ని ఆడుకోనిచ్చారు. ఇప్పుడక్కడ మగవాళ్ళ కంటే ఆడవాళ్ళే ఎక్కువ సైకిల్ తొక్కుతారు. రోడ్డు బాగుపడ్డాక ఆడవాళ్ళు వచ్చారని మీరంటున్నారు. కాదు, ఆడవాళ్ళు ముందుకొస్తేనే రోడ్డు బాగుపడింది.

బావ: అది హాలండ్, చల్లగా ఉంటుంది, గుట్టలుండవు, పోలీసు చెప్తే వింటారు. ఇది మహదేవపుర. ఒక్క వాన పడితే గుంత ఎక్కడుందో, మ్యాన్‌హోల్ ఎక్కడుందో తెలీదు.

నేను: సరే, హాలండ్ వదిలేద్దాం. మన పక్క రాష్ట్రానికి రండి. తమిళనాడులో పుదుక్కోట్టై. 1990ల మొదట్లో అక్కడ అక్షరాస్యత ఉద్యమం నడిచింది, షీలా రాణి చుంకత్ కలెక్టర్‌గా ఉన్నప్పుడు. చదువుతో పాటు సైకిల్ కూడా నేర్పారు. క్వారీల్లో రాళ్ళు కొట్టే ఆడవాళ్ళు, పొలం కూలీలు, అంగన్‌వాడీ వాళ్ళు, అందరూ నేర్చుకున్నారు. లక్ష మందికి పైనే అంటారు. లేడీస్ సైకిళ్ళు దొరక్క జెంట్స్ సైకిళ్ళే తొక్కారు. పైగా అదే నయమన్నారట, ముందు బార్ మీద పిల్లని కూర్చోబెట్టుకోవచ్చని. మొదట్లో మగవాళ్ళు తిట్టారు, ఎగతాళి చేశారు, వీళ్ళు మానలేదు.

బావ: పల్లెటూళ్ళో ట్యాంకర్లు లేవు కదా. ఇంకోటి, వాళ్ళు సైకిలెక్కింది బస్సు లేక. ఇక్కడ 2023 జూన్ నుంచి శక్తి స్కీమ్ కింద ఆడవాళ్ళకి బస్సు ఫ్రీ. వానలో తడవదు, ఎవడూ గుద్దడు, రూపాయి ఖర్చు లేదు. ఎక్కడో ఉన్న పుదుక్కోట్టై గురించి చెప్తావు గానీ ఇంటి ముందున్న ఫ్రీ బస్సు గురించి మాట్లాడవు.

నేను: బస్సుకి నేను వ్యతిరేకం కాదు బావా, నేనూ ఎక్కుతా. కానీ ఇంటి ముందుందన్నారే, అది లేదు. ఈ లేఔట్ లోపలికి బస్సు రాదు. స్టాప్‌కి నడవాలి, లేదా ఆటోవాడు అడిగినంత ఇవ్వాలి. మగవాళ్ళది ఒకటే ప్రయాణం, ఇల్లూ ఆఫీసూ. అక్కది చూడండి, పిల్లాణ్ణి స్కూల్ వ్యాన్ దగ్గర దింపాలి, అత్తయ్యగారి మందులు తేవాలి, పాలు, టైలర్, మళ్ళీ పిల్లాడు. అన్నీ కిలోమీటరు, కిలోమీటరున్నర, రోజుకి ఐదారుసార్లు. దానికి ఏ బస్సూ లేదు. దానికోసమే పుట్టింది సైకిల్.

బావ: ఇప్పుడు నేను ఒక మాట చెప్తా, కోపం తెచ్చుకోకు. మా నాన్న ముప్పై ఏళ్ళు సైకిల్ మీద కదిరిలో బట్టల షాపుకి గుమాస్తా పనికి వెళ్ళాడు. ఎండలో చెప్పులు అరిగిపోయి, సీటు చిరిగితే గుడ్డ చుట్టుకుని. మా ఇంట్లో సైకిల్ దిగడమే ఎదగడం. మా ఇంట్లో పని చేసే ఆవిడ రాయచూరు నుంచి వచ్చింది. చీటీ పాడి సెకండ్ హ్యాండ్ స్కూటీ కొనుక్కుంది, సైకిల్ కొనుక్కోలేదు. ఆవిణ్ణి పిలిచి అడుగు, ఏది స్వేచ్ఛో చెప్తుంది. ఆరోగ్యం కోసం, పర్యావరణం కోసం సైకిల్ తొక్కడం కడుపు నిండిన వాళ్ళకి. హర్షితకి పద్దెనిమిది నిండగానే ఎలక్ట్రిక్ స్కూటర్ కొనిపెడతా, అప్పుడు ఎక్కడికి కావాలంటే అక్కడికి వెళ్ళొచ్చు.

దీనికి నాకు వెంటనే మాట రాలేదు. ఆవిడ స్కూటీ నేనూ చూశాను, ముందు అద్దానికి పసుపు తాడు కట్టి రోజూ తుడుచుకుంటుంది. అది తప్పని నేనెలా అంటాను?

నేను: ఆవిడ స్కూటీ కొనుక్కోవడం మంచిదే బావా. సైకిలే తొక్కాలి అని ఎవరినీ అనను. కానీ మీ నాన్నగారు సైకిల్ దిగారు, సరే. అత్తయ్యగారు అసలు ఎక్కనే లేదు కదా? ఆయనకి ముప్పై ఏళ్ళు ఎటు కావాలంటే అటు వెళ్ళే బండి ఒకటుంది, ఆవిడకి అదీ లేదు. మగవాళ్ళకి అది దిగాల్సిన మెట్టు, ఆడవాళ్ళ కాళ్ళ కింద ఆ మెట్టే లేదు. 2006లో బీహార్లో తొమ్మిదో తరగతికొచ్చిన ఆడపిల్లలకి సైకిల్ కొనుక్కోమని రెండువేలు ఇచ్చారు. కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు లెక్కేసి చూస్తే సెకండరీ స్కూల్లో చేరే ఆడపిల్లలు 32 శాతం పెరిగారు, మగపిల్లలకీ వాళ్ళకీ ఉన్న తేడా 40 శాతం తగ్గింది. ఎక్కువ లాభం ఎక్కడంటే స్కూలు మూడు కిలోమీటర్లు దాటి ఉన్న ఊళ్ళలో. కర్ణాటకలో గవర్నమెంటు స్కూలు ఎనిమిదో తరగతి పిల్లలకి సైకిళ్ళిచ్చింది కూడా దూరం కోసమే కదా. పద్దెనిమిది దాకా ఆగమంటున్నారు. పదహారు నుంచి పద్దెనిమిది దాకా దాని దూరాలన్నీ మీ టైమ్‌ని బట్టి ఉండాలా?

బావ: నేను దింపుతున్నా కదా!

నేను: అక్క దింపుతోంది.

ఇక్కడ వాదన పక్కదారి పట్టింది. పట్టించింది నేనే, రాయకుండా ఉంటే అబద్ధమవుతుంది.

బావ: మధ్యలో మీ అక్కెందుకు?

నేను: ఎందుకంటే మీ సైకిల్ హాల్లో గోడకి హుక్ వేసి ఉంది, దానికి వేరే గుడ్డ, వేరే నూనె. అక్క పుట్టినరోజుకి నాలుగేళ్ళ కింద కొన్న సైకిల్ బేస్‌మెంట్‌లో ఉంది. ఇందాక వచ్చేటప్పుడు చూశా. రెండు టైర్లూ నేలకి అంటుకుపోయాయి, చైను ఎర్రగా తుప్పు, సీటు మీద దుమ్ములో పిల్లలెవరో బొమ్మ గీశారు. ఆ సీటు అక్క నడుం దాకా ఉంది బావా. ఒక్కసారైనా దించి ఇచ్చారా?

బావ: తనకి ఇంట్రెస్ట్ లేదు. నేను రమ్మన్నా, రాలేదు. అడుగు.

నేను: నాలుగున్నరకి రమ్మన్నారు. మీరు నాలుగున్నరకి వెళ్ళి పదింటికొస్తారు, వచ్చేసరికి ఇడ్లీ ఉండాలి. అది ఎవరు చేయాలి? మీ గ్రూపులో ఆడవాళ్ళు రారని అంటారు. మధ్యలో టాయిలెట్ లేదు, వెనకబడితే ఎవరూ ఆగరు, చీకట్లో హైవే. ఏడాదికోసారి మహిళా దినోత్సవం రోజు పింక్ టీషర్టులిచ్చి ఐదు కిలోమీటర్లు తిప్పి ఫొటో తీస్తారు. ఇన్నేళ్ళలో ఒక్క ఆదివారమైనా ఆడమనిషి క్యాప్టెన్‌గా ఉందా?

బావ: వస్తే ఎవరు వద్దన్నారు? వేదాంగి కులకర్ణి, పుణె పిల్ల, ఇరవై ఏళ్ళకే 2018లో సైకిల్ మీద ప్రపంచం చుట్టొచ్చింది, 159 రోజుల్లో 29,000 కిలోమీటర్లు. ఆవిడ పేరు చెప్తే మా గ్రూపులో అందరం లేచి నిలబడతాం. దమ్మున్నవాళ్ళని ఆపేదెవరు?

నేను: ఆవిడకి నేనూ దండం పెడతా. కానీ ప్రపంచం చుట్టొస్తేనే సైకిల్ తొక్కిన ఆడదని లెక్కా? కొత్తిమీర కోసం వెళ్ళొచ్చేవాళ్ళకి దమ్ము అక్కర్లేకుండా ఉండాలి. మా శనివారం గ్రూపు పొద్దున ఆరుంబావుకి బయల్దేరుతుంది. అందరికంటే నెమ్మదిగా తొక్కే మనిషి ముందుంటుంది, మిగతావాళ్ళం ఆవిడ వెనక. దారి ఎవరో మగాయన గీసింది కాదు, మేమే తొక్కి చూసి మార్చుకున్నాం. ఎక్కడ లైటు లేదు, ఎక్కడ కుక్కలు వెంటపడతాయి, ఏ పెట్రోల్ బంక్‌లో టాయిలెట్ శుభ్రంగా ఉంటుంది, ఇవన్నీ మాలో ఒకావిడ నోట్‌బుక్‌లో రాస్తుంది. మీ గ్రూపులో కిలోమీటర్లు తప్ప ఇవి ఎవరైనా రాశారా?

పోయిన నెల మా ఎదురింటి ఆంటీకి నేర్పాను, యాభై నాలుగేళ్ళు. ముందు పెడల్స్ విప్పేశా. పదిహేను నంబర్ స్పానర్ కావాలి. కుడి పెడల్ మామూలుగానే ఊడుతుంది, ఎడమది ఉల్టా మర, అటు తిప్పితే ఇంకా బిగుస్తుంది, నేను మొదటిసారి అరగంట కొట్టుకున్నా. సీటు బాగా కిందికి దించి, రెండు పాదాలూ నేల మీద ఆనేలా కూర్చోబెట్టా. చున్నీ చైన్లో పడకుండా నడుముకి కట్టించా. పెడల్ లేదు కాబట్టి కాళ్ళతో తోసుకుంటూ పోవడమే. మొదట రెండు బ్రేకులూ పిడికిలి తెల్లబడేలా పట్టుకుంది. రెండో శనివారం పార్కింగ్ ర్యాంప్ కింద వాలులో కాళ్ళు ఎత్తేసి పది అడుగులు జారింది, ఆగి వెనక్కి చూసి "ఎవరూ పట్టుకోలేదా?" అంది. కన్నడంలో ఒకసారి, మళ్ళీ నాకోసం తెలుగులో ఒకసారి. మా ఆయనకి ఫోన్ చేయనా అంది, చేయలేదు, మళ్ళీ తోసుకుంటూ వెళ్ళిపోయింది.

బావ: (కాసేపు ఊరుకుని) నేర్పడం వేరు, రోడ్డు వేరు లతా. నువ్వెన్ని చెప్పినా ఆ జంక్షన్ మారదు. పిల్లకేమైనా అయితే మీ గ్రూపు నోట్‌బుక్ నాకేం ఇస్తుంది?

నేను: ఏమీ ఇవ్వదు. ఆ భయం నాకూ ఉంది, నేనూ దాన్ని ఎత్తుకుని పెంచినదాన్నే. కానీ జంక్షన్ గురించి ఒకటి చెప్తా. మేం నలుగురం నిలబడి ఫోన్‌లో కొలిచాం. నడిచేవాళ్ళకి సిగ్నల్ పన్నెండు సెకన్లు ఇస్తోంది. మోకాళ్ళ నొప్పులున్న ఆంటీ దాటడానికి ఇరవై రెండు పట్టింది. నాకు పద్నాలుగు. అంటే ఎవరికీ చాలదు. ఆ లెక్క రాసి వార్డు ఆఫీసుకి అర్జీ పెడుతున్నాం, ముప్పై ఒక్క సంతకాలొచ్చాయి, అన్నీ ఆడవాళ్ళవే.

బావ: ఎన్నిసార్లు కొలిచారు?

నేను: రెండుసార్లు, ఒకే రోజు.

బావ: అది లెక్క కాదు. పొద్దున పీక్‌లో ఒకసారి, సాయంత్రం ఒకసారి, కనీసం మూడు రోజులు. సిగ్నల్ టైమింగ్ పూటకోలా ఉంటుంది. ఈ ఒక్క కాగితం పట్టుకుని వెళ్తే ఐదు నిమిషాల్లో తిప్పి పంపిస్తారు.

నేను: అయితే మంగళవారం సాయంత్రం ఆరింటికి రండి. రాసేది మా ఆంటీ, మీరు టైమ్ చూడండి చాలు.

బావ: మంగళవారం కాల్ ఉంది. బుధవారం వస్తా. కానీ అప్పటిదాకా హర్షిత ఆ జంక్షన్ సైకిల్ మీద దాటదు.

నేను: దాటదు. లేఔట్ లోపల తొక్కుతుంది, జంక్షన్ దగ్గర దిగి తోసుకుంటూ దాటుతుంది, మొదటి నెల నేను కూడా వెళ్తా.

బావ: తోసుకుంటూ అయితే సరే. వెనక రెడ్ లైటు నాది ఇస్తా, దాని బ్యాటరీ మంచిది.