ఆ బాతుల ఆడియో ఇంకెవరికీ పంపకండి

ఏ గ్రూపు తెరిచినా అదే మెసేజ్. "అమెరికా వేటగాళ్ల రహస్యం! డక్ కాల్ (బాతులా అరిచే పీక) ఊదితే ఎంత దూరాన ఉన్న బాతులైనా వచ్చి కాళ్ల దగ్గర వాలతాయి. కొనక్కర్లేదు, ఈ ఆడియోని బ్లూటూత్ స్పీకర్‌లో పెట్టండి. అక్కడ అందరూ చేసేదే. తుపాకీ లేదు కాబట్టి కేసూ లేదు. విదేశీ పక్షులే, కొల్లేరులో ట్రై చేయండి." కింద కోడి బొమ్మ. బాతు బొమ్మ దొరకలేదేమో.

ఊదగానే వచ్చి వాలవు. అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రంలోని స్టట్‌గార్ట్‌లో 1936 నుంచి డక్ కాల్ ఊదే పోటీలు పెడుతున్నారంటేనే అదెంత సాధనో అర్థం కావాలి. బాతులు దూరంగా పోతుంటే గట్టిగా, సాగదీసి ఊదుతారు. తిన్నగా మనవైపే వస్తుంటే నోరు మూసుకుంటారు. తోకలు కనిపించాయంటే వెనక్కి తిరిగాయన్నమాట, అప్పుడు మళ్లీ ఊదాలి. అదేపనిగా మోగిస్తే బెదిరి ఎగిరిపోతాయి.

"మగ బాతు అరుపుకి ఆడవి పరిగెత్తుకొస్తాయి" అని కూడా రాశారు. మల్లార్డ్ బాతుల్లో బిగ్గరగా క్వాక్ అనేది ఆడదే. సరే, వదిలేద్దాం.

వదలకూడనిది స్పీకర్ సంగతి. అక్కడ అందరూ చేస్తారట! రికార్డు చేసిన అరుపులతో బాతుల్ని వేటాడటం అమెరికాలో ఫెడరల్ నిబంధనల ప్రకారం నేరం. నోటితో ఊదుకోవచ్చు, అంతే. బతికున్న బాతుల్ని ఎరగా కట్టేయడం కూడా 1935లోనే ఆపేశారు. మితిమీరి పెరిగిన స్నో గూస్ లాంటి తెల్ల గూస్‌ల (పెద్దబాతుల) విషయంలో మాత్రం, మిగతా నీటిపక్షుల సీజన్లు ముగిశాక, స్పీకర్లకు మినహాయింపు ఉంది. మనవాళ్లు చూసిన వీడియో అదే అయ్యుండాలి.

స్పీకర్ పనిచేయదా అంటే, చేస్తుంది. ఆ మాట ఒప్పుకోవాల్సిందే. మనిషికి ఆయాసం వస్తుంది, దానికి రాదు. ఆ నిషేధం పెట్టిందే అందుకు. కాకపోతే మీ ఆడియోలో ఉన్నది మల్లార్డ్ గొంతు. మన పరజ బాతులు క్వాక్ అనవు, ఈల వేస్తాయి.

ఇక "తుపాకీ లేదు, కేసు లేదు". 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. పట్టుకోవడం, ఉచ్చు పెట్టడం, ఎర చూపడం, వీటిలో దేనికి ప్రయత్నించినా వేటే. పైగా కొల్లేరు 1999 నుంచి అభయారణ్యం. గట్టు మీద స్పీకరు, పక్కన వల పెట్టుకుని కూర్చున్నాక ఒక్క పిట్టా పడకపోయినా కేసు కేసే. ఫారెస్టువాళ్లు అడిగితే పాటలు వింటున్నామని చెప్పండి. వల సంగతి అడిగితే దోమతెర అనండి. నమ్ముతారు!

విదేశీ పక్షులా? పరజ ఇక్కడే గుడ్లు పెడుతుంది, ఇక్కడే పొదుగుతుంది. శీతాకాలంలో ఉత్తరాది నుంచి వచ్చే సూదితోక బాతుకీ అదే చట్టం. పాస్‌పోర్టు చూసి వర్తించేది కాదది.

గ్రూపుల్లో పెట్టినవాళ్లు డిలీట్ చేయండి. టైమ్ దాటిపోయి డిలీట్ అవకపోతే, దాని కిందే "ఇలా చేస్తే జైలు" అని ఒక లైను రాయండి.