యావజ్జీవం ఏడేళ్లలో అయిపోతుందా?

వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరుగుతోంది. జైల్లో పగలు ఒక రోజు, రాత్రి ఇంకో రోజు కింద లెక్కేస్తారట. యావజ్జీవం అంటే 14 ఏళ్లు కాబట్టి ఏడేళ్లకే బయటికి వచ్చేస్తారట. జైళ్లు పోలీసుల చేతిలో ఉంటాయి కాబట్టి వాళ్లు తలుచుకుంటే అంతకంటే ముందే వదిలేస్తారట. లోపలున్న నేరస్థులందరినీ మన పన్నులతో మేపుతున్నామట. చదువుకున్నవాళ్లు కూడా దీన్ని ఫార్వర్డ్ చేస్తున్నారు.

పగలు, రాత్రి లెక్క ఏ చట్టంలోనూ లేదు. 24 గంటలకు ఒక్క రోజే. నిజంగా ఉన్నది రెమిషన్. శిక్ష పడ్డ ఖైదీ చెప్పిన పని చేస్తూ గొడవల్లేకుండా ఉంటే, నెలకు ఇన్ని రోజులని నిబంధనల ప్రకారం శిక్షలో తగ్గిస్తారు. తప్పు చేస్తే కోసేస్తారు కూడా. ఖైదీ పేరు మీద ఉండే హిస్టరీ టికెట్‌లో, అంటే జైలు రికార్డులో, ఇవన్నీ ఎక్కుతాయి. శిక్ష ఎంత, ఎప్పుడు మొదలైంది, రిమాండ్‌లో గడిపిన రోజులెన్ని, రెమిషన్ ఎంత అన్న లెక్క తేలితేనే విడుదల తేదీ వస్తుంది.

ఇక 14 ఏళ్ల సంగతి. యావజ్జీవం అంటే బతికున్నంత కాలం అని సుప్రీంకోర్టు 1961లోనే గోపాల్ వినాయక్ గాడ్సే కేసులో చెప్పింది. ఎంత రెమిషన్ పోగైనా ప్రభుత్వం ఉత్తర్వు ఇస్తే తప్ప తలుపు తెరుచుకోదు. మరి 14 ఎక్కడిది? 1978లో నేర విచారణ స్మృతిలో 433ఎ సెక్షన్ చేర్చారు. మరణశిక్షకు కూడా వీలున్న నేరంలో యావజ్జీవం పడితే, రెమిషన్ కలపకుండా కనీసం 14 ఏళ్లు లోపల ఉండాల్సిందేనని దాని సారాంశం. ఆ స్మృతి స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్)లో ఇప్పుడు అదే 475వ సెక్షన్. అంటే 14 అనేది గడువు కాదు, అంతకు ముందు వదలకుండా వేసిన అడ్డుకట్ట. ఈ మెసేజ్ రాసినాయన దాన్ని తలకిందులుగా చదివాడు. గవర్నర్‌కు రాజ్యాంగం 161వ అధికరణం కింద క్షమాభిక్ష అధికారం వేరే ఉంది. జనవరి 26కో, ఆగస్టు 15కో విడుదలల జీవోలు వచ్చేది ఎక్కువగా అలాగే. దానికీ మంత్రివర్గం సలహా కావాలి.

పోలీసుల చేతిలో జైళ్లు అనడం చాలామందికి ఉన్న అపోహే. జైళ్లు రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితాలో ఉన్న అంశం, దానికి సొంత శాఖ ఉంది. అది కూడా హోంశాఖ కిందే ఉంటుంది, పైన డైరెక్టర్ జనరల్‌గా సాధారణంగా ఐపీఎస్ అధికారే కూర్చుంటారు కాబట్టి పొరబడటం సహజమే. కానీ కింద సూపరింటెండెంట్, జైలర్, డిప్యూటీ జైలర్, వార్డర్లు అంతా జైళ్ల శాఖ సిబ్బంది. చర్లపల్లిలోనైనా రాజమహేంద్రవరంలోనైనా ఇంతే. ఖైదీని కోర్టుకు తీసుకెళ్లే ఎస్కార్ట్ మాత్రం పోలీసులది. గేటు లోపల వాళ్ల ఆర్డర్ చెల్లదు. మనిషిని లోపల పెట్టాలంటే కోర్టు వారెంట్ ఉండాలి. బెయిల్ మీద వదలాలన్నా కోర్టు కాగితమే రావాలి. అందులో పేరో కేసు నంబరో తేడా ఉంటే సూపరింటెండెంట్ కూడా ఏమీ చేయలేరు, మళ్లీ కోర్టుకు రాయాల్సిందే.

చివరిది, లోపలున్నవాళ్లంతా నేరస్థులన్న మాట. 2022 చివరి నాటికి దేశంలో ఉన్న 5.73 లక్షల మంది ఖైదీల్లో 4.34 లక్షల మంది విచారణ ఖైదీలే. అంటే నలుగురిలో ముగ్గురి మీద నేరం ఇంకా రుజువు కాలేదు. అందుకే వాళ్లు సొంత బట్టలు వేసుకోవచ్చు, వాళ్లతో బలవంతంగా పని చేయించకూడదు. మరణశిక్ష, యావజ్జీవం పడే కేసులు కాకపోతే, గరిష్ఠ శిక్షలో సగం కాలం విచారణ ఖైదీగానే గడిపినవాళ్లను, ఇంతకు ముందు ఏ నేరంలోనూ దోషిగా తేలనివాళ్లైతే మూడో వంతు గడిపినవాళ్లను బెయిల్ మీద వదలాలని బీఎన్ఎస్ఎస్ 479 చెబుతోంది. ఒకటికి మించి కేసులు పెండింగ్‌లో ఉంటే ఈ వెసులుబాటు లేదు. గడువు నిండగానే కోర్టుకు దరఖాస్తు పెట్టే బాధ్యతను చట్టం జైలు సూపరింటెండెంట్ మీదే పెట్టింది.