సవరణ: అగ్రబిలిటీ గ్రాంటు డబ్బు రైతు ఖాతాలో పడదు

వైకల్యం ఉన్న అమెరికా రైతులకు అగ్రబిలిటీ పథకం కింద గ్రాంటు ఉందని మొన్నటి పోస్టులో రాశాను కదా, అది చదివిన చాలామంది దరఖాస్తు పెట్టుకుంటే డబ్బు నేరుగా చేతికొస్తుందని అనుకుంటున్నారు కాబట్టి ఈ వివరణ.

డబ్బు రైతుకు రాదు. 1990 ఫార్మ్ బిల్లుతో (అమెరికా వ్యవసాయ చట్టం) వచ్చిన ఈ పథకంలో అక్కడి వ్యవసాయ శాఖ గ్రాంటు ఇచ్చేది ల్యాండ్ గ్రాంట్ యూనివర్సిటీలకు, అంటే వ్యవసాయ విద్య కోసం ప్రభుత్వ సాయంతో ఏర్పడ్డ యూనివర్సిటీలకు, అవి కూడా వికలాంగుల కోసం పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థతో చేతులు కలపాలి. రైతుకు అందేది ఆ యూనివర్సిటీ, సంస్థల సిబ్బంది నైపుణ్యం. వాళ్లు పొలానికే వచ్చి, కాలు పోయిన మనిషి ట్రాక్టర్ ఎక్కేటప్పుడు సరిగ్గా ఎక్కడ ఇబ్బంది పడుతున్నాడో, కింద ఇంకో మెట్టు బిగిస్తే సరిపోతుందా లేక సీటు దాకా ఎత్తే లిఫ్ట్ కావాలా, క్లచ్‌ని చేత్తో నొక్కేలా మార్చొచ్చా అని దగ్గరుండి చూస్తారు. నా దృష్టిలో అసలు విలువ ఇక్కడే ఉంది, ఇవేవీ చూడకుండా కొన్న పరికరం ఎంత ఖరీదైనదైనా షెడ్డులో ఓ మూల పడి ఉంటుంది.

మరి ఆ లిఫ్ట్‌కి డబ్బెవరిస్తారు? అర్హత ఉంటే రాష్ట్ర వొకేషనల్ రీహాబిలిటేషన్ ఏజెన్సీ (వైకల్యం ఉన్నవాళ్లు పని చేసుకోవడానికి తోడ్పడే ప్రభుత్వ సంస్థ) భరించే వీలుంది, అక్కడికి దారి చూపించేది కూడా ఈ సిబ్బందే.

ఇంకో మాట, కీళ్లవాతం, నడుం దెబ్బ లాంటివి ఉన్నవాళ్లు కూడా సాయం అడగొచ్చు, పొలం కూలీలైనా సరే. ప్రతి రాష్ట్రంలోనూ ప్రాజెక్టు లేదు, లేనిచోట పర్‌డ్యూ యూనివర్సిటీ నడిపే జాతీయ ప్రాజెక్టును సంప్రదించాలి.