నాకు గజ్జలు బాగా వచ్చు

మాడ్రిడ్‌లో ఉద్యోగానికి దరఖాస్తు నింపుతూ మనవాడు భాషల గడిలో దర్జాగా ‘ఇంగ్లేస్’ (ఇంగ్లీషు) అని రాస్తాడు. చివరి అచ్చు మీద వాలుగీత (దాన్నే టిల్డే అంటారు) మాత్రం పెట్టడు. గోరంత గీత, ఎవడు చూడొచ్చాడులే అని. గీత లేని ఆ మాటకి స్పానిష్‌లో అర్థం గజ్జలు. అదీ తొడల దగ్గరివి. చదివిన మేనేజరుకి ఎక్కడలేని దగ్గూ వస్తుంది.

స్పానిష్ లెక్క ఇదీ: మాట అచ్చుతో గానీ, ఎన్, ఎస్‌లతో గానీ ముగిస్తే ఊనిక (నొక్కి పలకడం) చివరి నుంచి రెండో ముక్క (ఒక్క ఊపులో పలికే భాగం) మీద. ఇంకే హల్లుతో ముగిసినా చివరి ముక్క మీదే. ఈ లెక్కకి లొంగని మాటలకి గీత. ‘ఇన్-గ్లెస్’ చివర ఎస్ ఉంది, గీత లేదు. నొక్కు ‘ఇన్’ మీదికి పోయింది, గజ్జలు ఖాయమయ్యాయి.

ముక్కలు చేయడంలో మన ఒత్తులు అడ్డొస్తాయి. ‘పాస్తా’ని మనవాడు ‘పా-స్తా’ అంటాడు. వాళ్లకది ‘పాస్-తా’. ఎస్‌కి హల్లు తగిలించి స్పానిష్ ముక్క మొదలవదు. బ్ల, బ్ర, గ్ర, ప్ర, త్ర లాంటి జంటల్ని మాత్రం విడదీయకూడదు: ‘లి-బ్రో’. గురులఘువుల్లో మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్లే ఇక్కడ ఎక్కువ తప్పుతారు.

కాలేజీ ఆఫీసు ‘సె-క్రె-తా-రీ-ఆ’, అయిదు ముక్కలు, ‘ఈ’ మీద గీత. ‘ఇ’ బలహీనమైన అచ్చు. గీత కాపు లేకపోతే పక్కనున్న ‘ఆ’లో కలిసిపోయి ‘సె-క్రె-తా-ర్యా’ అని నాలుగే మిగులుతాయి. అంటే సెక్రటరీ అమ్మగారు. ఆఫీసెక్కడని అడగబోయి ఆవిడెక్కడని అడుగుతాడు. కాఫీకి వెళ్లిందంటారు. అరగంట బల్ల మీద కూర్చుంటాడు. ఆఫీసు ఎదురు తలుపే.

దెబ్బ తిన్నాక గీతల భక్తుడవుతాడు. బహువచనం ‘ఇన్-గ్లే-సెస్’కీ గీత పెట్టేస్తాడు. అక్కడ ఊనిక దానంతటదే ‘గ్లే’ మీద పడుతుంది, గీత దండగ. కుర్రాడు ‘హో-బెన్’కి అక్కర్లేదు, కుర్రాళ్లు ‘హో-బె-నెస్’కి ‘హో’ మీద తప్పనిసరి. సరిగ్గా అక్కడే మానేస్తాడు.

ఫోన్లో అచ్చు మీట కాస్త నొక్కి పట్టుకుంటే గీతలున్నవి వరసగా పైకొస్తాయి. అంత ఓపికెవరికి? ‘రేపు మా పాపా వస్తున్నారు’ అని అద్దెకిచ్చిన ఇంటి ఓనరమ్మకి మెసేజీ కొట్టేస్తాడు. చివర గీత ఉంటే నాన్న. లేదు కాబట్టి, మాడ్రిడ్ మనిషైతే పోప్‌గారొస్తున్నారని కంగారుపడేది. ఈవిడది పెరూ. అక్కడ పాపా అంటే బంగాళాదుంప. ఎన్ని కిలోలని అడుగుతుంది.