మక్కల బస్తాలోని బూజు గారికి

అయ్యా బూజు గారూ,

నిన్న ల్యాబు రిపోర్టు వచ్చింది. మా కోళ్ల దాణాలో తమరి సరుకు, అఫ్లాటాక్సిన్ అనే విషం, దండిగా ఉందట. ఇన్నాళ్లూ మా గోడౌన్‌లోనే కాపురముంటున్నా పలకరించనైనా లేదు, మన్నించండి.

తమరి ఘనత చదివాను. 1960లో ఇంగ్లండులో వేరుశనగ చెక్కలో దూరి లక్షకు పైగా టర్కీ కోళ్లను పొట్టన పెట్టుకున్నారు. అంతటివారు నా షెడ్డుకు రావడం నా అదృష్టం.

తేమ పద్నాలుగు శాతం లోపే అని గింజ కొరికి చెప్పాడు దళారి. ఆయన పళ్లకు దండం. మక్కలు ఎండబోశాం, బూజు రాలింది, విషం గింజలోనే ఉండిపోయింది. విషాన్ని పట్టి ఉంచే బైండర్ పొడి కలిపామని మిల్లువాళ్లు అన్నారు. ఎంత కలిపారో దేవుడికే తెలియాలి.

అవన్నీ పోనీయండి. కొక్కెర తెగులుకు లాసోటా టీకా వేసి మూడు వారాలైనా టైటర్లు, అంటే రక్తంలో క్రిమితో పోరాడే యాంటీబాడీల లెక్క, లేవలేదు. ఆ తెగులే వచ్చింది, పొద్దున లేస్తే కోడిపిల్లలు మెడలు తిప్పి పడున్నాయి. డాక్టరు ఒకదాన్ని కోసి చూపించాడు. కార్జం పసుపు రంగుకు తిరిగి, వేలు తగిలితే చిట్లుతోంది. తోక దగ్గరి బర్సా సంచి ఎనిమిది వారాల పిల్లకు రేగుపండంత ఉండాలి, శనగ గింజంత ఉంది. యాంటీబాడీలు చేసే బి కణాలు పెరిగేది అందులోనే, ఆ 'బి' కూడా బర్సాదే. యాంటీబాడీ అంటే ప్రోటీన్ కదా, తమరు కణంలో ప్రోటీన్ తయారీకే అడ్డం పడతారట. క్రిమిని మింగాల్సిన మాక్రోఫేజ్‌లు కూడా తమరి దెబ్బకు మెత్తబడతాయట. ఇక టీకా ఎవరికి పాఠం చెప్పాలి?

ఇదేదీ తెలియక నేనేం చేశానో తెలుసా? టీకా డబ్బా తెచ్చిన కుర్రాణ్ని అందరి ముందు నిలబెట్టి తిట్టాను. "దారిలో ఎక్కడో ఆగి ఐస్ కరగనిచ్చినవ్ కదరా" అన్నాను. "లేదన్నా, ఐస్ అట్లనే ఉండె" అన్నాడు. అబద్ధమని ఆ రోజు కూలి కోశాను. ఐస్ అట్లనే ఉండిందిరా బూజూ! దొంగవు నువ్వు. నా మక్కలు తిని, నా కోళ్లను లోపలినుంచి గుల్ల చేసి, నా నోటితో ఆ పిల్లాణ్ని దొంగను చేయించావు.

బస్తాలు పారబోయిస్తున్నాను. కోసిన కూలి జేబులోనే ఉంది. వాడు రెండు రోజులుగా పనికి రాలేదు, ఫోను ఎత్తడం లేదు.

ఇట్లు,
నీ మక్కలకు డబ్బు కట్టినవాడు