నూరేళ్లు నిండితే ఎంతిస్తారు?

మా నాన్నగారు పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యారు. నేను 2004 సెప్టెంబరు 1 తర్వాత ఉద్యోగంలో చేరిన బడిపంతుల్ని, అంటే జీతంలో కోసి మార్కెట్లో పెట్టే కొత్త పెన్షన్ సీపీఎస్ సంతానాన్ని. పాత పెన్షన్ మనిషిని సోమరిని చేస్తుందని కొందరు ఎందుకంటారో ఆయన్ని చూస్తే నాకు అర్థమైంది.

నెల తిరిగేసరికి ఫోను టింగుమంటుంది. చివరి బేసిక్‌లో సగం, దాని మీద ధరలతోపాటు పెరిగే కరువు భృతి, డీఆర్. ఇందుకోసం ఆయన పడే కష్టమల్లా నవంబరులో ఒక్కరోజు, తాను బతికే ఉన్నానని రుజువు చేసుకోవడం. ఉత్తరాల మీద ముద్రలు కొట్టీ కొట్టీ అరిగిన బొటనవేలు మిషన్‌కి ఆనదు. తడిగుడ్డతో తుడిచి, లుంగీకి ఒత్తి, నాలుగోసారికి బతుకుతారు. పైగా ఎనభై దాటితే పెన్షన్ మీద 20 శాతం అదనం, నూరు దాటితే రెట్టింపట! నూరేళ్లు నిండటాన్ని శుభవార్తగా చెప్పుకునే జాతి తెలుగునాట వీళ్లొక్కరే.

మరి నాకో? పెన్షన్ ఖాతాకి పన్నెండంకెల ప్రాన్ నంబరుంది. నెలనెలా జీతంలో 10 శాతం మార్కెట్‌కి వెళ్తుంది. పొద్దున్నే పళ్లు తోముకుంటూ ఎన్‌ఏవీ, అంటే నా ఫండు యూనిట్ ధర, చూసుకుంటాను. వాషింగ్టన్‌లో ఎవరో సుంకాల మాట ఎత్తితే నా ముసలితనంలో ఒక ఇడ్లీ తగ్గుతుంది. రిటైరయ్యేనాటికి పోగైన దాంట్లో కనీసం 40 శాతం పెట్టి, నెలనెలా పెన్షన్ ఇచ్చే బీమా పథకం, యాన్యుటీ కొనాలి. దానికి డీఆర్ గీఆర్ ఉండదు. కందిపప్పు ధర మాత్రం ఈ సంగతి తెలియనట్టే పెరుగుతుంది.

2019లో జగన్మోహన్‌రెడ్డి గారు అధికారంలోకొస్తే వారంలో సీపీఎస్ రద్దన్నారు. ఆ వారం నాలుగేళ్లు సాగి, 2023లో జీపీఎస్ (గ్యారంటీ పెన్షన్) చట్టమై తేలింది. కేంద్రం ఇరవయ్యేళ్లు ప్రయోగం చేసి, 2024 ఆగస్టులో యూపీఎస్ (ఏకీకృత పెన్షన్) కనిపెట్టింది: పాతికేళ్ల సర్వీసుంటే చివరి పన్నెండు నెలల సగటు బేసిక్‌లో సగం. ఎక్కడో విన్నట్టుంది కదా? కాకపోతే ఈసారి మన 10 శాతం కూడా పుచ్చుకుంటారు.

ఖజానా మోయలేదంటారు. ఆ మాట అబద్ధం కాదు, నేనూ ఒప్పుకుంటాను. నా బెంగల్లా మన ఎంపీల గురించే. ఎన్నాళ్లు చేశారన్నదాంతో పని లేకుండా మాజీలకి నెలకి 31,000 రూపాయలు. ఐదేళ్లు దాటితే ఆపై ప్రతి ఏడాదికీ మరో 2,500. పాపం, ప్రాన్ నంబరు లేదు, ఫండ్ మేనేజరు లేడు, సెన్సెక్స్ పడిందని పొద్దున్నే గుండె దడదడలాడే యోగం లేదు. సీపీఎస్ లాంటి ఇంత మంచి పథకాన్ని మనకోసం త్యాగం చేసినవాళ్లని ఇకనైనా అందులో చేర్పించాలని నా వినతి. కావాలంటే నా ఎన్‌ఏవీలో కొంత ఇస్తాను.

నిన్న పొద్దున బ్రష్షు నోట్లో ఉండగానే నాన్నగారు పేపరు దించి అడిగారు: "ఏరా, ఇవాళ నీ ముసలితనం ఎంతుంది?"

"ముప్ఫై పైసలు పడింది నాన్నా."

"సర్లే, పేస్టు కొంచెం తక్కువ వేసుకో."