పీఈటీ సార్ జేబులో ఉండే నొప్పి స్ప్రే గారికి

మహారాజశ్రీ స్ప్రే గారికి వైజాగ్ నుంచి నమస్కారాలు. ఉభయకుశలోపరి అని రాద్దామనుకున్నా గానీ మా అన్నయ్య కొడుకు మంచం దిగట్లేదు, అందుకని ఆ ముక్క తీసేశా.

మీ కీర్తి అంతా ఇంతా కాదండి. పొద్దున్నే ఆర్కే బీచ్ రోడ్డు మీద బళ్ళు ఆపేసే టైంలో చూస్తే కోచ్ అన్న ప్రతి మనిషి జేబులో ఒక విజిలు, పక్కన తమరు. మోకాలైనా మీరే, మడమైనా మీరే. మావాడికి పదిహేనేళ్ళు, వంద మీటర్లు పరిగెడతాడు, స్టార్టింగ్‌లో లేచి నాలుగడుగులు వేశాడో లేదో తుంటి ముందు టప్‌మని సౌండ్, పక్క లైన్లో కుర్రాడికి కూడా వినబడిందంట, అక్కడే కూలబడిపోయాడు. సార్ పరిగెత్తుకొచ్చి "ఏటీ అవదురా, కండ పట్టేసింది, లెగు బేగి" అని నిక్కరు పక్కకి లాగి మిమ్మల్ని బుస్సుమని కొట్టారు. పైగా కాలు వెనక్కి లాగి స్ట్రెచింగ్ కూడా చేయించారు, అది ఎక్స్‌ట్రా సేవ.

చిన్న డౌటండి. తమరు తోలు చల్లబరుస్తారు, బానే ఉంది, ఎముక ముక్క ఊడిపోతే ఏం చేస్తారు? మాలాంటి పెద్దోళ్ళకి కండ చిరుగుతుంది. 14 నుంచి 17 ఏళ్ళ పిల్లలకి కటి ఎముక మీద కండలు అతుక్కునే చోట ఇంకా ఎముకగా గట్టిపడని మెత్తటి ఎదుగుదల పొర ఉంటుంది, ప్రాక్టీసుతో కండేమో బలిసిపోయింది, ఒక్కసారి గుంజితే కొమ్మతో పాటు బెరడు లేచొచ్చినట్టు ఎముక ముక్కని పట్టుకుని వచ్చేస్తుంది. ఫుట్‌బాల్ తన్నేవాళ్ళకి ఇంకాస్త కింద, హర్డిల్స్ వాళ్ళకి కూర్చునే ఎముక దగ్గర. అక్కడైతే ఇరవై దాటినా అతుకు పూర్తవకపోవచ్చు, కాలేజీ పిల్లలు కూడా మీ కస్టమర్లే అన్నమాట.

మావాడికి అయింది కూడా ఇదేనని ఒక్క ఎక్స్‌రేలో తెల్లగా కనబడింది. ముక్క రెండు సెంటీమీటర్లు దాటి జరగలేదు కాబట్టి ఆపరేషన్ వద్దన్నారు డాక్టరు గారు, చంక కర్రలు, రెస్టు, తర్వాత మెల్లగా ఫిజియో, మళ్ళీ ట్రాక్ ఎక్కడానికి నెలలు పడుతుందన్నారు.

నిన్న సార్ ఫోన్ చేశారు. జిల్లా సెలక్షన్లు దగ్గరికొచ్చేశాయి, స్ప్రే కొట్టి దింపేద్దామా అని. ఫోన్ మా వదిన లాక్కుంది. ఆవిడ తమరిని ఎక్కడ పెట్టుకోమందో ఈ లేఖలో రాయడానికి మర్యాద అడ్డొస్తోంది.

ఇట్లు,
చంక కర్రల బిల్లు కట్టిన బాబాయి